జూలై మాటలను నమ్మని అభిమానే క్లబ్బుకు ఆప్తుడు

ప్రతి జూలైలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బులు విడుదల చేసే వీడియోలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. ఖాళీ స్టేడియం, తెల్లవారుజాము వెలుతురు, టన్నెల్లో బూట్ల చప్పుడు. కెమెరా ఆటగాళ్ళ వెనకాలే నడుస్తుంది. ఒకడు గుండె మీది చిహ్నాన్ని వేళ్ళతో తడుముతాడు. గ్యాలరీలో ఒక పెద్దాయన, పక్కన మెడలో స్కార్ఫుతో మనవడు. చివర్లో నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు: ‘కొత్త అధ్యాయం’, లేదంటే ‘ఇది మన సమయం’, లేదంటే ‘అందరం కలిసి’. ఆ వెంటనే కొత్త జెర్సీ ధర.

కిందటి మే నెలలో టైటిల్ గెలిచిన క్లబ్బుదీ ఇదే వీడియో, ఆఖరి మూడు జట్లూ కింది డివిజన్‌కు పడిపోయే 20 జట్ల లీగ్‌లో 17వ స్థానంలో చావు తప్పి కన్ను లొట్టపోయి బయటపడ్డ క్లబ్బుదీ ఇదే వీడియో. దాన్ని చూసి ఏళ్ళ తరబడి దెబ్బలు తిన్న అభిమానులు అడిగేది మాత్రం చాలా చిన్న ప్రశ్న: “లెఫ్ట్ బ్యాక్ ఎవరు?” అంటే ఎడమ వైపు కాసే డిఫెండర్‌గా ఈసారి ఆడేదెవరు అని.

ఈ ప్రశ్న అడిగేవాళ్ళను నిరాశావాదులనీ, ఏం చేసినా మెచ్చనివాళ్ళనీ కొట్టిపారేయడం మామూలైపోయింది. నేను దీన్ని ఒప్పుకోను. ఆ వేసవి మొత్తంలో క్లబ్బు గురించి ఎవరైనా అన్న మాటల్లో అన్నిటికన్నా పనికొచ్చేది ఆ ప్రశ్నే. ఆశ అభిమాని దగ్గర ఎలాగూ ఉంది. న్యూకాజిల్ అభిమానులు 1955 తర్వాత ఒక దేశీయ ట్రోఫీ కోసం 2025 మార్చిదాకా ఎదురుచూశారు. లీగ్ కప్ ఫైనల్లో లివర్‌పూల్‌ను 2-1తో ఓడించిన రోజు ఏడ్చినవాళ్ళలో 1955 నాటికి పుట్టనివాళ్ళే ఎక్కువ. అన్నేళ్ళు స్టేడియం నింపింది ఏ నినాదమూ కాదు. అభిమాని దగ్గర లేనిది, క్లబ్బు దగ్గర మాత్రమే ఉండేది ఒక్కటే: ప్రణాళిక. ఉన్న ఆశనే మళ్ళీ రంగులద్ది అమ్ముతూ, లేని ప్రణాళిక గురించి నోరు మెదపకపోవడమే ఈ ప్రచారాల్లోని అసలు లోపం.

ఇది ఎందుకు జరుగుతుందో తెలియాలంటే డబ్బు ఏ నెలలో చేతులు మారుతుందో చూడాలి.

ఇంగ్లండ్ మొదటి డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్ సీజన్ ఆగస్టులో మొదలై మేలో ముగుస్తుంది. 38 మ్యాచ్‌లు, అందులో 19 సొంత మైదానంలో. ఆ 19కి కలిపి ఇచ్చే సీజన్ టికెట్ రెన్యువల్ చాలా క్లబ్బుల్లో వసంతంలోనే తెరుచుకుంటుంది, వేసవి మొదలయ్యేసరికి గడువు ముగుస్తుంది. ఆటగాళ్ళ కొనుగోళ్ళు, అమ్మకాలు నడిచే ట్రాన్స్‌ఫర్ విండో మాత్రం ఆగస్టు చివరిదాకానో సెప్టెంబరు మొదటిదాకానో ఉంటుంది. అంటే కోచ్ ఉంటాడో పోతాడో, ముందు వరుసలో ఎవరాడతారో తేలక ముందే ఏడాది మొత్తానికి డబ్బు కట్టేయాలి. ఆ సొమ్ము క్లబ్బు ఖాతాల్లో ముందుగా అందిన ఆదాయంగా కూర్చుంటుంది, మ్యాచ్‌లు జరిగేకొద్దీ అసలు ఆదాయంగా మారుతుంది. వేసవిలో టికెట్ల వల్ల వేరే రాబడి ఉండదు కాబట్టి జీతాలకు, బకాయి వాయిదాలకు అదీ ఒక ఆధారం. వివరం తెలియక ముందే డబ్బు అడగాల్సి వచ్చినప్పుడు, ఆ ఖాళీని నింపడానికి నినాదం కావాలి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఈ సందర్భానికి అతికినట్టు సరిపోతుంది.

“నచ్చకపోతే కొనకండి” అనేవాళ్ళుంటారు. పెద్ద క్లబ్బుల్లో సీజన్ టికెట్‌కు వెయిటింగ్ లిస్టు ఉంటుంది. ఒక్క ఏడాది వదులుకుంటే ఆ సీటు ఇంకొకరిది, పక్క సీట్లలో ఇరవై ఏళ్ళుగా కూర్చున్నవాళ్ళతో ఉన్న బంధం తెగినట్టే. మరో క్లబ్బుకు మారిపోయే ప్రసక్తే లేదు. వదిలిపోలేనివాళ్ళకు అమ్మేటప్పుడు నిజం చెప్పాల్సిన బాధ్యత మామూలు వ్యాపారికన్నా ఎక్కువే ఉంటుంది.

ప్రచారానికి జట్టుతో సంబంధం తెగిపోవడానికి ఇంకో కారణం తయారీ గడువులు. జెర్సీ డిజైన్ ఏడాది, ఏడాదిన్నర ముందే ఖరారవుతుంది. బట్ట, రంగు, స్పాన్సర్ అచ్చు, ఫ్యాక్టరీ, ఓడలో రవాణా, అన్నీ దానివెంటే. 2013లో ఎవర్టన్ తన చిహ్నాన్ని మార్చి, అందులోంచి లాటిన్ నినాదాన్ని తీసేసింది. అభిమానులు భగ్గుమన్నారు, వేలమంది సంతకాలు చేశారు. క్లబ్బు క్షమాపణ చెప్పింది. అయినా ఆ చిహ్నాన్ని 2013-14 సీజన్ మొత్తం మోయక తప్పలేదు, ఎందుకంటే సరుకు అప్పటికే తయారైపోయింది. తర్వాతి సీజన్‌కు అభిమానుల ఓటుతో కొత్తది ఎంచుకున్నారు. ఒక చిన్న బొమ్మను వెనక్కి తీసుకోవడానికే ఏడాది పట్టే యంత్రాంగం, జూలైలో జట్టు పరిస్థితిని చూసి తన మాట మార్చుకుంటుందని ఎలా అనుకోగలం? ఆ నినాదాలు కొత్త కోచ్ సంతకం పెట్టక ముందు రాసినవి కావచ్చు. పోస్టర్ మీది ఆటగాడు అది గోడెక్కేలోపే అమ్ముడుపోవచ్చు.

ఆ అమ్మకాలకు కూడా ఒక తేదీ ఉంది. చాలా క్లబ్బుల ఆర్థిక సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది. 2025-26 సీజన్ దాకా అమలైన లీగ్ లాభనష్టాల నియమాల ప్రకారం మూడేళ్ళ మొత్తం నష్టం 10.5 కోట్ల పౌండ్ల పరిమితి దాటకూడదు, కింది డివిజన్లో గడిపిన ఏళ్ళుంటే పరిమితి ఇంకా తక్కువ. దాటితే పాయింట్ల కోత. 2023-24లో ఎవర్టన్‌కు మొదట 10 పాయింట్లు కోసి, అప్పీలులో 6కు తగ్గించి, మళ్ళీ ఇంకో 2 కోశారు. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు 4 పోయాయి. అందుకే జూన్ చివరి వారంలో హడావుడి అమ్మకాలు జరిగేవి. డబ్బు పెట్టి కొనకుండా సొంత అకాడమీలో శిక్షణ ఇచ్చి పెంచిన కుర్రాడికి పుస్తకాల్లో విలువ సున్నా, కాబట్టి అతన్ని అమ్మితే వచ్చిందంతా లాభమే. న్యూకాజిల్ 2024 జూన్ నెలాఖరులో తన అకాడమీ కుర్రాడు ఇలియట్ ఆండర్సన్‌ను ఫారెస్ట్‌కు వదులుకోవాల్సి వచ్చింది ఈ లెక్క వల్లే. ‘మన ఊరి కుర్రాళ్ళు’ అని వీడియోలో చూపించేవాళ్ళే లెక్కల పుస్తకంలో అందరికన్నా ముందు అమ్మాల్సినవాళ్ళు. అనుభవజ్ఞుడైన అభిమానికి ఇది తెలుసు, అందుకే జూన్ 30 దాటేదాకా జెర్సీ వెనక పేరు వేయించుకోడు. పెద్దల జెర్సీ చవకేమీ కాదు, పేరూ అంకే వేయిస్తే అదనం. వెళ్ళిపోయినవాడి పేరున్న జెర్సీకి మార్పిడి ఉండదు. అసలు విండో మూసేదాకా ఆగడం ఇంకా మేలు.

ఆశను తాకట్టు పెడితే ఏమవుతుందో లీడ్స్ చరిత్ర చెబుతుంది. 2000 నవంబరులో 1.8 కోట్ల పౌండ్లకు రియో ఫెర్డినాండ్‌ను కొన్నారు, అప్పట్లో అది బ్రిటిష్ రికార్డు. 2001లో యూరప్ అగ్ర క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్‌లో సెమీఫైనల్ దాకా వెళ్ళారు. ఆ ఊపులో, రాబోయే పాతికేళ్ళ టికెట్ల రాబడిని పూచీగా చూపి 6 కోట్ల పౌండ్లు అప్పు తెచ్చారు. ఏటా ఛాంపియన్స్ లీగ్‌కు అర్హత వస్తుందన్న ధీమా మీద నిలబడ్డ లెక్క అది. రాలేదు. 2002లో ఫెర్డినాండ్‌ను మాంచెస్టర్ యునైటెడ్‌కు అమ్మారు, తర్వాత మిగతావాళ్ళనూ ఒక్కొక్కరినే. 2004లో రెలిగేషన్ (కింది డివిజన్‌కు పడిపోవడం), అదే ఏడాది స్టేడియం అమ్మకం, 2007లో మూడో డివిజన్. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, పూచీగా పెట్టినది అభిమాని విధేయతను. వాళ్ళు ఎలాగూ వస్తారన్న నమ్మకాన్నే అప్పులవాళ్ళకు అమ్మారు. జూలై వీడియోల్లో కనిపించే ఆ ముసలాయన, ఆ మనవడు నాకు ఎప్పుడూ ఆ అప్పు పత్రాన్నే గుర్తుచేస్తారు.

సరే, నినాదాన్ని పక్కనపెట్టి జట్టును ఎలా చదవాలి?

ముందుగా నిమిషాలు. ఒక జట్టు లీగ్ సీజన్లో ఆడే మొత్తం నిమిషాలు 38 మ్యాచ్‌లు, 90 నిమిషాలు, 11 మంది: 37,620. కిందటి సీజన్లో ఎవరెన్ని నిమిషాలు ఆడారో బహిరంగంగానే దొరుకుతుంది. వెళ్ళిపోయినవాళ్ళ నిమిషాలన్నీ కూడండి. తలా 2,500 నిమిషాలు ఆడిన ఐదుగురు వెళ్ళిపోతే అది 12,500, అంటే జట్టు ఆటలో మూడో వంతు. మూడో వంతు మారిన జట్టుకు పాసుల అలవాట్లు, కార్నర్ దగ్గర ఎవరు ఎవర్ని కాయాలన్న అవగాహన కుదిరేసరికి అక్టోబరు వస్తుంది. ఇది చెడ్డ జట్టని కాదు. ఆగస్టులో పాయింట్లు పోగొట్టుకునే జట్టని. ఇలా కొత్తవాళ్ళతో నింపిన క్లబ్బు ‘మొదటి రోజు నుంచే’ అని ప్రచారం చేస్తే తన మెడకు తానే గుదిబండ కట్టుకున్నట్టు. ఈ లెక్కలో గాయాల పాలైనవాళ్ళను విడిగా చూడాలి. కిందటేడాది ఆరు నెలలు మంచం మీదున్న ఆటగాణ్ని ‘కొత్త సైనింగ్‌తో (కొత్తగా కొన్న ఆటగాడితో) సమానం’ అని చూపించడం క్లబ్బుల అలవాటు. మోకాలి లిగమెంటు తెగినవాడు తిరిగి మైదానంలోకి రావడానికే తొమ్మిది నెలలో ఏడాదో పడుతుంది, వచ్చాక పాత వేగం అందుకోవడానికి ఇంకొన్ని నెలలు. అతన్ని సగం ఆటగాడిగా లెక్కేయండి.

కొనుగోలు ధర విషయానికొస్తే, ‘రికార్డు సైనింగ్’ అన్న మాటలో క్లబ్బు ఆరోగ్యం గురించి ఏమీ లేదు. 5 కోట్ల పౌండ్లకు కొని ఐదేళ్ళ కాంట్రాక్టు ఇస్తే పుస్తకాల్లో ఏడాదికి కోటి ఖర్చు. రెండేళ్ళకు అతను విఫలమైతే పుస్తక విలువ ఇంకా 3 కోట్లు ఉంటుంది. 2.5 కోట్లకు అమ్మినా 50 లక్షల నష్టం రాయాలి. అందుకే క్లబ్బులు అలాంటివాణ్ని అమ్మకుండా తాత్కాలికంగా, లోన్‌పై వేరే జట్లకు పంపుతుంటాయి, జీతంలో కొంత తామే భరిస్తూ. కాబట్టి ఒక కొనుగోలు వార్త వచ్చినప్పుడు ధరకన్నా వయసు, కాంట్రాక్టు పొడవు, కిందటి మూడేళ్ళలో ఆడిన నిమిషాలు చూడాలి. 29 ఏళ్ళవాడికి ఐదేళ్ళ కాంట్రాక్టు ఇచ్చారంటే, 33వ ఏట అతను ఇంకా జీతాల పట్టీలో ఉంటాడు. ఆ నాలుగో వేసవిలో వచ్చే వీడియోలో మాత్రం అతను ఉండడు.

ఇక ఫ్రెండ్లీలు, అంటే సీజన్‌కు ముందు ఆడే సన్నాహక మ్యాచ్‌లు. ప్రచార బృందం చేతికి దొరికే మొదటి సరుకు ఇవే కాబట్టి 4-0 గెలుపు క్లిప్పులు వెల్లువెత్తుతాయి. ఒక మామూలు జూలై ఫ్రెండ్లీని నిదానంగా చూడండి. మొదటి సగంలో ఒక పదకొండు మంది, 46వ నిమిషంలో పూర్తిగా ఇంకో పదకొండు మంది. 60 దాటాక అకాడమీ కుర్రాళ్ళు దిగుతారు, వీపు మీద 60ల్లో 70ల్లో ఉండే అంకెలు. ఉదయం ట్రైనింగ్‌లో బరువులెత్తి సాయంత్రం ఆడుతున్నవాళ్ళ కాళ్ళు బరువెక్కి ఉంటాయి. ఎదుటి జట్టు తన సీజన్లో ఏ దశలో ఉందన్నది స్కోరుకన్నా ముఖ్యం. స్వీడన్, నార్వే లీగులు వసంతంలో మొదలై శరదృతువు దాకా నడుస్తాయి, కాబట్టి జూలైలో ఆ జట్లు మంచి ఊపులో ఉంటాయి, ఇంగ్లిష్ జట్టు మాత్రం సెలవుల నుంచి అప్పుడే వచ్చి ఉంటుంది. వాళ్ళ చేతిలో ఓడితే గుండెలు బాదుకోనక్కర్లేదు. కింది డివిజన్ జట్టును ఐదు గోల్స్‌తో ఓడిస్తే పండగా అక్కర్లేదు.

చూడాల్సినవి వేరే ఉన్నాయి. గోల్‌కీపర్ బంతిని చిన్న పాసుతో మొదలుపెడుతున్నాడా, పొడుగ్గా తన్నుతున్నాడా. బంతి పోయిన మొదటి ఐదు సెకన్లలో ముందు వరుస వెంటాడుతోందా, వెనక్కి పరుగెడుతోందా. వెంటాడినప్పుడు డిఫెన్సు కూడా పైకి వస్తోందా, లేక మధ్యలో ముప్పై గజాల ఖాళీ మిగులుతోందా. ఆ ఖాళీయే సెప్టెంబరులో గోల్స్ తెచ్చిపెట్టేది, ఎదుటివాళ్ళకు. అన్నిటికన్నా నమ్మదగింది ఆఖరి ఫ్రెండ్లీలో మొదట దిగిన పదకొండు మంది. లీగ్ మొదలుకావడానికి వారం ముందు కోచ్ ప్రయోగాలు తగ్గిస్తాడు. ఆ పదకొండు మందిలో లెఫ్ట్ బ్యాక్ స్థానంలో ఒక సెంటర్ బ్యాక్ (మధ్యలో కాసే డిఫెండర్) ఆడుతుంటే, అభిమాని మొదటి రోజు అడిగిన ప్రశ్నకు క్లబ్బు దగ్గర జవాబు లేదని తేలిపోయినట్టే.

పైకి ప్రమోట్ అయిన క్లబ్బుల విషయంలో ఇంకా కటువుగా చూడాలి. 2023-24లో పైకి వచ్చిన లూటన్, బర్న్‌లీ, షెఫీల్డ్ యునైటెడ్ మూడూ అదే సీజన్లో కిందికి పోయాయి. షెఫీల్డ్ 104 గోల్స్ ఇచ్చుకుంది. మరుసటి ఏడాది లెస్టర్, ఇప్స్‌విచ్, సౌతాంప్టన్‌ది కూడా అదే గతి. సౌతాంప్టన్ ఏడు మ్యాచ్‌లు మిగిలుండగానే కిందికి పోయి, మొత్తం 12 పాయింట్లతో ముగించింది. కింది డివిజన్లో గెలిపించిన పొట్టి పాసుల ఆటనే పట్టుకుని వేలాడి, డిసెంబరులో కోచ్‌ను మార్చారు. ఇలాంటి క్లబ్బు జూలైలో ‘17వ స్థానమే మా లక్ష్యం, దానికి మేం చేస్తున్నవి ఇవి’ అని చెబితే ఎవరూ చిన్నబుచ్చుకోరు. ‘మనం ఇక్కడివాళ్ళమే’ అని చెప్పి నవంబరులో ఏడు పాయింట్లతో నిలబడితే మాత్రం ఆ గ్యాలరీలో ఓపిక ఎక్కడ్నుంచి వస్తుంది?

ఓపిక అన్నచోట క్రిస్టల్ ప్యాలెస్ గుర్తుకొస్తుంది. 2017 వేసవిలో ఫ్రాంక్ డి బోర్‌ను తెచ్చి, బంతిని ఎక్కువసేపు తమ అదుపులోనే ఉంచుకునే కొత్త ఆటకు మారుతున్నామన్నారు. అలాంటి మార్పుకు సీజన్లు పడతాయి, దానికి తగిన ఆటగాళ్ళు కావాలి. నాలుగు లీగ్ మ్యాచ్‌లకే అతన్ని పంపేశారు. ఆ సీజన్ మొదటి ఏడు మ్యాచ్‌ల్లో ప్యాలెస్ ఒక్క గోల్ కూడా చేయలేదు. తర్వాత వచ్చిన రాయ్ హడ్జ్‌సన్ అదే జట్టును, పాత పద్ధతిలో, 11వ స్థానానికి చేర్చాడు. మార్పు ఎంత కాలం పడుతుందో, మధ్యలో ఎన్ని ఓటములు వస్తాయో వేసవిలోనే చెప్పి ఉంటే ఆ ప్రయోగమే మొదలయ్యేది కాదేమో, లేదా నాలుగు మ్యాచ్‌లతో ముగిసేది కాదు.

అభిమానులు చేదు నిజాన్ని తట్టుకోలేరనే వాదనకు బ్రెంట్‌ఫర్డ్ మంచి జవాబు. ప్రీమియర్ లీగ్‌లోకి వెళ్ళే ఆఖరి చోటును తేల్చే 2020 ప్లేఆఫ్ ఫైనల్లో ఫుల్హామ్ చేతిలో ఓడారు. నెల తిరిగేసరికి తమ ప్రధాన గోల్ స్కోరర్ ఓలీ వాట్కిన్స్‌ను ఆస్టన్ విల్లాకు అమ్మేశారు. మరో క్లబ్బులో అయితే గొడవలయ్యేవి. బ్రెంట్‌ఫర్డ్‌లో మాత్రం పద్ధతి అందరికీ తెలుసు: తక్కువకు కొంటాం, పెంచుతాం, అమ్ముతాం, అమ్మే ముందే తర్వాతివాణ్ని చూసిపెట్టుకుంటాం. వచ్చిన ఐవన్ టోనీ ఆ సీజన్ లీగ్‌లో 31 గోల్స్ కొట్టాడు. 2021లో ప్లేఆఫ్ ఫైనల్ గెలిచి, 74 ఏళ్ళ తర్వాత మొదటి డివిజన్లోకి అడుగుపెట్టారు. ప్రణాళిక కనిపించినప్పుడు అమ్మకం కూడా ఆశకు కారణమవుతుంది.

ప్రతికూలంగా మాట్లాడే అభిమానులు జట్టును దెబ్బతీస్తారనేది తరచూ వినే మాట. తొంభై నిమిషాలపాటు స్టేడియంలో గొంతు చించుకోవడం వేరు, వేసవిలో లెక్క అడగడం వేరు. ఒకే మనిషి రెండూ చేస్తాడు, రెండోది మొదటిదానికి అడ్డు కాదు. 2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ కొత్త స్టాండులో 77 పౌండ్ల టికెట్ పెడతామంటే, సండర్లాండ్‌తో మ్యాచ్‌లో 77వ నిమిషాన సుమారు పదివేల మంది లేచి బయటికి నడిచారు. అప్పటికి జట్టు 2-0తో ముందుంది, మ్యాచ్ 2-2తో ముగిసింది. కొద్ది రోజుల్లోనే యజమానులు ఆ ధరను వెనక్కి తీసుకున్నారు. అక్కడ పనిచేసింది కోపం ఒక్కటే కాదు. ఒకే అంకె, ఒకే నిమిషం, ఒకే కోరిక. సాధారణమైన అసంతృప్తికి జవాబుగా క్లబ్బు ఇంకో వీడియో తీస్తుంది, నిర్దిష్టమైన ప్రశ్నకు అలా తీయలేదు.

ఇప్పుడు ప్రీమియర్ లీగ్ నియమాల ప్రకారం ప్రతి క్లబ్బుకూ అభిమానుల సలహా మండలి ఉండాలి, బోర్డు స్థాయిలో ఒకరు బాధ్యులుగా ఉండాలి. 2023-24 నుంచి అమల్లో ఉన్న ఏర్పాటు ఇది. ఆ మండళ్ళు జెర్సీ రంగు గురించీ, క్యూల పొడవు గురించీ చర్చించి ఊరుకుంటే లాభం లేదు. రెన్యువల్ గడువుకు కనీసం నాలుగు వారాల ముందు క్లబ్బు రాతపూర్వకంగా ఇవ్వాల్సిన వివరాలను అడగాలి: వచ్చే జూన్‌తో కాంట్రాక్టు ముగిసే ఆటగాళ్ళు ఎందరు, వాళ్ళలో ఎందరికి పొడిగింపు ప్రతిపాదన ఇచ్చారు, జూన్ 30లోపు ఆటగాళ్ళను అమ్మి తీరాల్సిన అవసరం ఉందా లేదా, ఏ స్థానాల్లో కొనాలనుకుంటున్నారు, లీగ్‌లో ఏ స్థానాన్ని దృష్టిలో పెట్టుకుని బడ్జెట్ వేశారు. ఆటగాళ్ళ పేర్లు అక్కర్లేదు, బేరం చెడుతుంది. ఈ ఐదూ చెప్పడం వల్ల మాత్రం ఏ బేరమూ చెడదు, ఎందుకంటే ప్రత్యర్థి క్లబ్బుల దగ్గరా ఏజెంట్ల దగ్గరా ఈ సమాచారం ఎప్పుడో ఉంది. తెలియనిది టికెట్ కొనేవాడికి ఒక్కడికే. చెప్పలేని క్లబ్బు రెన్యువల్ గడువును విండో మూసిన మరుసటి వారానికి మార్చాలి, అప్పటిదాకా జరిగే సొంత మైదానం మ్యాచ్‌లకు విడి టికెట్లలో పాత సీటుదారుకు మొదటి హక్కు ఇస్తూ. ఇలా చేస్తే వేసవిలో నగదు ఇబ్బంది వస్తుందని క్లబ్బు అంటే, ఆ ఇబ్బంది ఎంతో కూడా అదే కాగితం మీద రాయమని అడగండి.